మూడు బోర్డుల నీళ్ళు

కందిపప్పు ఎసట్లో పడి చాలాసేపయింది. ఈలోగా అన్నం ఉడికింది, వంకాయ కూర దిగింది, కేరేజీలన్నీ కడిగి బోర్లించడమూ అయింది. పప్పు మాత్రం గింజ గింజగానే ఉంది. సుల్తానా గరిటెతో ఒక పలుకు తీసి వేళ్ళ మధ్య నలిపి చూసింది. నలగలేదు. రాయచోటిలో ఆమె అత్త పప్పు ఉడకని నీళ్ళను చవిటి నీళ్ళనేది. వాటితో వండితే పప్పుకు కోపం వస్తుందనేది.

ఇక్కడ కోపం వచ్చింది పప్పుకు ఒక్కదానికే కాదు.

అల్ ఖోబర్ ఊరి చివర, కార్లు బాగుచేసే షెడ్ల వెనక వీధిలో ఉంది ఆ వంటశాల. ఉమ్ నాయిఫ్ అనే సౌదీ ఆమెది. భర్త పోయాక తన పేరు మీదే లైసెన్సు తెచ్చుకుని పెట్టింది. ఆఫీసులకూ, కొత్త బిల్డింగుల దగ్గర పనిచేసే మనవాళ్ళకూ ఇక్కడి నుంచే మధ్యాహ్నం భోజనం పోతుంది. వంట సుల్తానాది. లెక్కలూ, ఫోన్లూ, సరుకులూ ప్రసాద్ చూస్తాడు. ఆయనది భీమవరం వైపు.

కొన్నాళ్ళుగా ఆ బిల్డింగుల దగ్గర మనుషులకు కడుపులు చెడుతున్నాయి. ఇద్దరిని ఆస్పత్రిలో పెట్టారు. కబురు తెలిసిన రోజున ప్రసాద్ చేసిన మొదటి పని సుల్తానాకు ప్లాస్టిక్ గ్లౌజుల పెట్టె తెచ్చివ్వడం. రెండో పని, చేతులెలా కడుక్కోవాలో చూపించే బొమ్మల కాగితం సింకు పైన అంటించడం.

"నా చేతులకేమైంది సార్?" అని అడిగింది ఆమె.

"నిన్నేమీ అనట్లేదమ్మా. హైజీన్ అంతే."

అనకుండా అనడమంటే అదే. పదేళ్ళ వయసు నుంచి వండుతున్న చేతులు అవి. ఆ బొమ్మ కింద నిలబడి గిన్నెలు తోముతున్నంతసేపూ ఆమె చెవులు మండాయి.

తర్వాత తనిఖీ ఆఫీసు నుంచి ఒక అమ్మాయి వచ్చి కుళాయి నీళ్ళు సీసాలో పట్టుకుపోయింది. తప్పు నీళ్ళలో ఉందని తేలింది. ఉప్పు ఎక్కువ, మురికి ఉంది, వంటకు పనికిరావు. నీళ్ళు మార్చుకోండి, గురువారం మళ్ళీ వచ్చి చూస్తాం, అప్పుడూ ఇలాగే ఉంటే తలుపుకు సీలు వేస్తాం అని చెప్పి పోయారు. గ్లౌజుల పెట్టె మాత్రం అక్కడే ఉంది. బొమ్మ కూడా.

ఆ సాయంత్రం ఉమ్ నాయిఫ్ వచ్చి కుర్చీలో కూర్చుని, పెద్ద కోపం లేకుండానే ఒక మాట చెప్పింది. "ఇది మూతపడితే నిన్ను ఊరికే కూర్చోబెట్టి జీతమివ్వలేను సుల్తానా. హాయిల్‌లో మా చెల్లెలికి మనిషి కావాలంటోంది. అక్కడికి వెళ్తావు."

సుల్తానా తల ఊపి, తుడిచిన గిన్నెనే మళ్ళీ తుడిచింది. హాయిల్ ఆమెకు కొత్త కాదు. ఈ దేశం వచ్చిన మొదటి నాలుగేళ్ళూ ఆ ఊళ్ళోనే ఒక పొలాల ఆసామి ఇంట్లో పనిచేసింది. కొట్టలేదు, తిట్టలేదు, తిండి పెట్టారు. కానీ గేటు తాళం ఎప్పుడూ పెద్దామె నడుముకే ఉండేది. ఆ వీధి ఎటు తిరుగుతుందో, మలుపు దాటితే ఏముందో నాలుగేళ్ళలో ఆమెకు తెలియలేదు. కఫాలా మార్పించి, అంటే వీసా పూచీ తన పేరుకు మార్చుకుని, ఉమ్ నాయిఫ్ ఇక్కడికి తెచ్చుకున్నాక, వంటశాల వెనక ఒక చిన్న గది ఇచ్చింది. దానికి గడియ లోపలి వైపు ఉంది. మొదటి రోజు సుల్తానా ఆ గడియ ఊరికే వేసి, తీసి, మళ్ళీ వేసింది.

ఆ గది పోతుందనే ఆమె భయమంతా.

ఇక నీళ్ళ సంగతి. ఆ వీధికి పైపు లేదు. అన్ని షాపులకూ ట్యాంకర్లే. ఇదివరకు ఆ వీధంతటికీ ఒకే కంపెనీ పోసేది, తలుపు మీద నీలం బోర్డు ఉన్న ట్యాంకర్లు. మంచిగా పోసినా చెడ్డగా పోసినా వాళ్ళే. ఆ మధ్య కొత్త పద్ధతి వచ్చింది. ఇళ్ళకు కాదు గానీ, వ్యాపారం చేసేవాళ్ళు లైసెన్సు ఉన్న ఏ కంపెనీ నుంచైనా నీళ్ళు కొనుక్కోవచ్చు, నచ్చకపోతే మార్చుకోవచ్చు. ప్రసాద్ ఆ రోజు ఎంత సంబరపడ్డాడో. "ఇక కాంపిటీషన్ అమ్మా. వాళ్ళే మన వెంట పడతారు. కస్టమరే రాజు" అన్నాడు. అందుకే శాంపిల్ చెడగానే నీలం బోర్డు వాళ్ళను మాన్పించి, ఆకుపచ్చ బోర్డు వాళ్ళను పెట్టాడు.

ఆకుపచ్చ బోర్డు నీళ్ళు వచ్చి రెండు రోజులైంది. పప్పు ఇదిగో, ఇంకా ఉడకలేదు.

వెనక తలుపు దగ్గర హారన్ మోగింది. ట్యాంకర్ తెచ్చినవాడు మనవాడే, జగిత్యాల దగ్గరి భూమేష్. కిందటిసారి వచ్చినప్పుడే ఊరు చెప్పాడు. సుల్తానా కొంగు నడుముకు దోపుకుని, దొడ్లో నేలతొట్టి ఇనప మూతకున్న తాళం తీసింది. తొట్టిలో ఎలుక పడ్డప్పటి నుంచి ఆ తాళంచెవి ఆమె దగ్గరే ఉంటుంది. అతను పైపు వదిలాడు. నీళ్ళు దబదబా పడుతుంటే ఆమె లోపలికి పోయి గ్లాసు నిండా చాయ్ తెచ్చింది.

రాయచోటి వైపు ఎండాకాలం వీధిలోకి ట్యాంకర్ వస్తే, డ్రైవరుకు ఏదో ఒకటి ఇవ్వకుండా పంపరు. మజ్జిగ, చాయ్, ఏమీ లేకపోతే ఒక బెల్లం ముక్క. నీళ్ళు తెచ్చినోడిని ఉత్తచేతులతో పంపితే బిందె ఎండిపోతుందని నమ్మకం.

భూమేష్ గ్లాసు వైపు చూసి చేతులు వెనక్కు పెట్టుకున్నాడు. "నాకొద్దక్కా."

"ఎండన పడి వచ్చినావు. తాగు."

"వద్దక్కా, ఇప్పుడే తాగి వచ్చిన."

కిందటిసారీ ఇదే మాట అన్నాడు. సుల్తానాకు చురుక్కుమంది. ఈ దేశంలో ఇన్నేళ్ళున్నా ఆమె ఆ చూపు మరిచిపోలేదు. మీరేం తింటారో, ఏ గిన్నెలో వండుతారో అన్న చూపు.

"తాగి రాలేదులే అబ్బీ. మా చేతి చాయ్ తాగితే నీ కులం పోతాదనుకున్నావా? ఇక్కడ నీ వాళ్ళెవరూ లేరు, పోయి చెప్పేవాళ్ళూ లేరు. తాగక్కర్లేదు, పో."

భూమేష్ మొహం ఎర్రబడింది. "అయ్యో, గదేంది అక్కా గట్లంటరు. మా ఊర్ల పీర్ల పండుగకు సవారి ఎత్తేటోన్ని నేను. ఫకీరు పెట్టిన మలీదా తిని పెరిగిన."

"మరి?"

అతను పైపు వైపు చూశాడు. నీళ్ళు పడుతూనే ఉన్నాయి.

"నాకు భయం మీ చేతితోని కాదక్కా. మా నీళ్ళతోని."

ఆ మాట ఆమెకు వెంటనే ఎక్కలేదు. ఎక్కాక, చేతిలో గ్లాసు తీసుకెళ్ళి గోడ మీద పెట్టి వచ్చి అతని ఎదురుగా నిలబడింది. "సెప్పు."

అతను బండి తలుపు తెరిచి తన సీటు పక్కనున్న సీసా చూపించాడు. దుకాణంలో కొన్న నీళ్ళు. ఆ యార్డులో డ్రైవర్లెవరూ తాము మోసే నీళ్ళు తాగరట, మొహం కూడా కడుక్కోరట. లైసెన్సేమో సముద్రపు నీళ్ళు శుద్ధి చేసే చోటి నుంచి తేవడానికి. కానీ అక్కడ ట్యాంకర్ల వరుస పొడుగ్గా ఉంటుంది, సగం రోజు పోతుంది. అందుకని ఊరి బయట పాడుబడ్డ ఖర్జూరం తోటలో ఒక పాత బోరు దగ్గర నింపుకుని వస్తారు.

"నీలం బోర్డోళ్ళు గూడానా?" అంది సుల్తానా.

భూమేష్ నవ్వాడు. అది సంతోషంతో నవ్వే నవ్వు కాదు. "నీలం, పచ్చ, ఎర్ర. మూడూ ఒకటే యార్డక్కా. ముగ్గురన్నదమ్ములు. ముగ్గురి పేర్ల మీద మూడు రుఖ్సాలు, లైసెన్సులు. బోర్డులు అయస్కాంతంవి, తలుపుకు ఇట్ల పెడితే అంటుకుంటయి, గుంజితే వస్తయి. నా సీటు కిందనే ఉన్నయి మూడూ."

"ఇంకో కంపెనీనే పిలిస్తే?"

"రాదు. అటు దమ్మామ్ దిక్కు వేరేటోళ్ళున్నరు. వాళ్ళు ఇటు రారు, వీళ్ళు అటు పోరు. గట్ల మాట్లాడుకున్నరు. ఎవరి గల్లీ వాళ్ళదే." బండి తలుపు మూసి, "నా పేరు చెప్పకండక్కా. ఇకామా వాళ్ళ చేతిలనే ఉన్నది, రద్దు చేస్తే దేశం విడువాలె" అన్నాడు.

సుల్తానా పేరు చెప్పలేదు. తక్కినదంతా ప్రసాద్‌కు చెప్పింది. ఆయన కంప్యూటర్ మీది నుంచి తల పూర్తిగా ఎత్తలేదు.

"ఎవరు చెప్పారమ్మా నీకు? నా దగ్గర మూడు కంపెనీల కొటేషన్లున్నాయి. కంపేర్ చేసే ఇచ్చాను. ప్రొసీజర్ ప్రకారం అంతా క్లియర్."

"మూడూ ఒకే బోరు నీళ్ళు సార్. పప్పు ఉడకడం లేదు."

"ఉడక్కపోతే చిటికెడు సోడా వెయ్యి. చూడు, వాళ్ళకు లైసెన్సుంది. లైసెన్సున్నవాడిని మనం అనుమానించకూడదు. గురువారం లోపల ట్యాంకు ఖాళీ చేసి కడిగించు, కొత్త నీళ్ళు పడితే శాంపిల్ క్లీన్‌గా వస్తుంది."

వంట చేసే చేతిని అనుమానించవచ్చు. ఆ చేతికి లైసెన్సు లేదు కాబట్టి.

బుధవారం వంట అయిపోయాక ఆమె ఉన్న నీళ్ళు తోడేసి తొట్టిలోకి దిగింది. అడుగున మోకాళ్ళు వంచి, చీపురుతో కాదు, పారతో తీయాల్సి వచ్చింది మట్టిని. ఎర్రటి జిగురు మట్టి, మధ్యలో ఖర్జూరం ఈనెలు. బకెట్లు బకెట్లుగా పైకి తోడి దొడ్లో పోసింది. ఈ మట్టి తేరుకున్న నీళ్ళతో తాను వండిన అన్నమే ఎండలో ఇనప కడ్డీలు వంచే మనుషులు తిన్నారు. తిని పడిపోయారు. పడిపోయాక కూడా మెస్సు అక్క వంట మంచిదే, ఏదో ఎండ దెబ్బ అని కబురు పంపారు. అది తలుచుకుంటే ఆమెకు ఏడుపు రాలేదు. తొట్టి గోడలను ఇంకా గట్టిగా తోమింది.

గురువారం పొద్దున్నే ఆకుపచ్చ బోర్డు ట్యాంకర్ వచ్చింది. స్టీరింగు దగ్గర భూమేష్. సుల్తానా అప్పటికే గోనెసంచి మడిచి నేలతొట్టి మూత మీద వేసుకుని దాని మీద కూర్చుని ఉంది. తాళంచెవి జాకెట్టులో.

"లేవమ్మా, టైమవుతోంది. ఇన్‌స్పెక్టరు వచ్చేస్తుంది" అన్నాడు ప్రసాద్.

"ఈ నీళ్ళు పోయనీయను సార్."

"ఏంటి నీ గొడవ? సరే, వీళ్ళు వద్దంతేగా? పంపించెయ్. ఎర్ర బోర్డు వాళ్ళను పిలుస్తాను. చాయిస్ మనదే కదా." ఆయన నిజంగానే నమ్మి అన్నాడు ఆ మాట. ఫోన్ చేశాడు. గంటలోపు పంపిస్తామన్నారు అవతల.

భూమేష్ బండి వెనక్కు తిప్పుకుని పోయాడు.

ఉమ్ నాయిఫ్ కారు వచ్చి ఆగింది. వెనకాలే తనిఖీ అమ్మాయి వచ్చింది, చేతిలో సీసాల పెట్టె. ప్రసాద్ ఇద్దరికీ నమస్కారం పెట్టి, చేతులు నలుపుకుంటూ, నీళ్ళు దారిలో ఉన్నాయని ఇంగ్లీషులో చెప్పాడు. ఇంతలో వీధి మలుపులో ట్యాంకర్ కనిపించింది. తలుపు మీద ఎర్ర బోర్డు. ఆయన మొహం విప్పారింది.

ట్యాంకర్ దగ్గరికొచ్చి ఆగింది. లోపల భూమేష్.

అదే బండి. ముందు అద్దం మీద అదే పగులు. పోయకుండా తీసుకుపోయిన అవే నీళ్ళు, మూత సందులోంచి కారుతున్నాయి. తొందరలో పెట్టడం వల్ల ఎర్ర బోర్డు ఒక పక్కకు వంగి ఉంది.

ప్రసాద్ బండినీ, డ్రైవరునూ, బోర్డునూ చూశాడు.

"ఏం చేయాలె సార్," అన్నాడు భూమేష్ తల దించుకుని. "నీళ్ళు ఖరాబు చెయ్యకు, బోర్డు మార్చి మళ్ళ పో అన్నరు."

ఏమైందని ఉమ్ నాయిఫ్ అడిగింది. హాయిల్ వంటింట్లో నేర్చుకున్న అరబ్బీలో సుల్తానా చెప్పింది. మూడు కంపెనీలు, ఒక యార్డు, ఒక బోరు. చెప్తూ బుధవారం తోడిన మట్టికుప్ప చూపించింది. ఉమ్ నాయిఫ్ చెప్పు కొనతో ఆ మట్టిని కదిపి, అందులోంచి ఒక ఈనె పైకి రావడం చూసింది. ఫోన్ తీసి ఎర్ర బోర్డు మీదున్న నంబరుకు చేసింది. ఎత్తింది ఆ అన్నదమ్ముల్లో ఒకడు, గొంతు మర్యాదగా ఉంది.

"అక్కా, మూడింటికీ లైసెన్సుంది. ఎంచుకోమన్నారు, మీరు ఎంచుకున్నారు. నచ్చకపోతే మార్చుకోమన్నారు, మార్చుకున్నారు. ఇందులో నా తప్పేముంది?"

"ఇంకొకరి బండి పిలుచుకుంటాను."

"పిలవండి. వస్తే నాకూ చెప్పండి" అని అతను నవ్వాడు. ఫోన్ పెట్టేశాడు.

తనిఖీ అమ్మాయి లోపల కుళాయి తిప్పి చూస్తోంది. ఆ సందు చూసుకుని ప్రసాద్ ఉమ్ నాయిఫ్ దగ్గరికి వంగి గొంతు తగ్గించాడు. షాపులోంచి నీళ్ళ డబ్బాలు తెప్పించి తొట్టిలో పోద్దాం, ఈ పూటకు శాంపిల్ గట్టెక్కుతుంది, తర్వాత సంగతి తర్వాత. ఉమ్ నాయిఫ్ కాదనలేదు. ఆలోచిస్తున్నట్టు సుల్తానా వైపు చూసింది.

"మూత తియ్."

సుల్తానా లేవలేదు. "డబ్బాల నీళ్ళు రేపుండవు అమ్మా. ఎల్లుండి మళ్ళీ ఇదే బండి వస్తుంది, ఏదో ఒక బోర్డుతో. ఆ నీళ్ళతో వండింది తిని పడిపోయేది ఇక్కడ నిలబడినవాళ్ళెవరూ కాదు."

"మూతపడితే ఎక్కడికి పోవాలో చెప్పాను కదా నీకు."

"గుర్తుంది. హాయిల్‌కు పోను. ఎగ్జిట్ కొట్టించండి, మా ఊరికి పోతాను. ఈ మూత మాత్రం తీయను."

ఇంతవరకు ఆ ఇద్దరి మధ్య 'పోను' అన్న మాట ఎప్పుడూ రాలేదు. ఉమ్ నాయిఫ్ ఏదో అనబోయింది. అప్పుడే తనిఖీ అమ్మాయి బయటికి వచ్చి, నీళ్ళే లేవు కాబట్టి శాంపిల్ లేదు, మంచినీళ్ళు వచ్చేదాకా వంట ఆపాలి అని చెప్పింది.

"శాంపిల్ ఈ బండిలోంచి తీసుకో," అంది ఉమ్ నాయిఫ్.

"ట్యాంకర్లు మా పని కాదు ఖాలా. అది వేరే శాఖ. మేము వంటశాలలే చూస్తాం."

ఉమ్ నాయిఫ్ మొహం మీది చర్మం బిగుసుకుంది. "నువ్వు వచ్చిన ప్రతిసారీ నా గోడకు వేలాడే లైసెన్సు చూశావు. నా ఫ్రిజ్ చూశావు. ఈమె గోళ్ళు చూశావు. ఇదిగో, ఈ బండి పైపులో ఏముందో ఒక్కరూ చూడలేదు. సీలు మాత్రం నా తలుపుకు వేస్తారు."

ఉమ్ నాయిఫ్ అబాయా విసురుగా సర్దుకుని కారెక్కింది. వెళ్ళిపోతోందనుకున్నాడు ప్రసాద్. ఆమె కారును ముందుకు పోనిచ్చి, వంకర తిప్పి, సరిగ్గా ట్యాంకర్‌కు అడ్డంగా, వీధి మొత్తం మూసుకుపోయేటట్టు ఆపింది. దిగి తాళం వేసింది.

"ఆ వేరే శాఖ ఇక్కడికి వచ్చేదాకా ఈ బండి కదలదు" అంది. తనిఖీ అమ్మాయి వైపు చెయ్యి చాచింది. "నంబరు ఇవ్వు. నేను చేస్తానా, నువ్వు చేస్తావా?"

ఆ అమ్మాయి తనే ఫోన్ తీసింది.

ప్రసాద్ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. "నేను మూడు కొటేషన్లు తీసుకున్నానండి" అన్నాడు, ఎవరితోనో తెలియదు. కాసేపటికి తనే లోపలికి పోయి, ఈ పూట కేరేజీలు రావని, బయట రొట్టెలు తెప్పించుకోమని బిల్డింగుల దగ్గరికి ఫోన్లు చేయడం మొదలుపెట్టాడు.

ఉమ్ నాయిఫ్ తొట్టి దగ్గరికి వచ్చి సుల్తానా ముందు ఆగింది. "మా చెల్లెలిని వేరే మనిషిని చూసుకోమంటాను" అంది పొడిగా. "నువ్వు మాత్రం అక్కడి నుంచి లేవకు."

భూమేష్ ఫోన్ మోగింది. యార్డు నుంచి. అతను ఇంజన్ ఆపేసి, తాళం జేబులో వేసుకుని, అప్పుడు ఎత్తాడు. "బండి స్టార్ట్ అయితలేదు సేఠ్," అన్నాడు హిందీలో, చాలా బాధగా. అవతల అరుపులు వినపడ్డాయి. "హా సేఠ్. చూస్తున్న సేఠ్. బ్యాటరీ పోయినట్టుంది సేఠ్."

ఫోన్ పెట్టి గోడ నీడలో కూలబడ్డాడు.

"నీ పని పోతాదేమో అబ్బీ. నడుచుకుంటా పో, నేనేదో సెప్తాలే," అంది సుల్తానా.

"ఏడికి పోతనక్కా. ఆ ఆఫీసరు వచ్చి ఏ బోరని అడిగితే తొవ్వ చూపియ్యాలె కద. ప్రసాద్ సారుకు తెలుస్తదా?" అని లేచి, సీటు కింది నుంచి నీలం బోర్డూ పచ్చ బోర్డూ తీసుకొచ్చాడు. తలుపు మీది ఎర్రదాన్ని కూడా గుంజి మూడింటినీ నేల మీద వరసగా పెట్టాడు. తనిఖీ అమ్మాయి ఫోన్లో మాట్లాడుతూనే వాటిని చూస్తూ దగ్గరికి వచ్చింది.

"వాళ్ళు వచ్చినంక బండికి ఏది పెట్టాలక్కా?" అన్నాడు భూమేష్.

"ఏదీ వద్దు," అంది సుల్తానా. "ఉత్త బండినే చూడనీ."